నా ముక్కలో ఏం కనపడింది?

రొమ్ములో పుట్టిన క్యాన్సర్ గడ్డను కోస్తే కత్తి కింద కరకరమంటుంది. పచ్చి జామకాయను కోస్తున్నట్టే ఉంటుంది. దాని పక్కనే ఉండే మంచి భాగం పసుప్పచ్చగా, మెత్తగా, చేతిలోంచి జారిపోతుంది. ఈ రెండు రకాల ముక్కలనూ ఐసులో పెట్టుకుని ఆపరేషన్ థియేటర్ నుంచి ల్యాబుకు పరిగెత్తడమే కొన్నేళ్లపాటు నా ఉద్యోగం.

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదైనా చెప్పండి మేడం" అని అడుగుతుంటారు. గొప్ప పరిశోధన కథేదో వినాలని వాళ్ల ఆశ. నా దగ్గర అలాంటిదేమీ లేదు. ఒక గొడవ మాత్రం ఉంది. అందులో నేను గెలిచానో ఓడానో మీరే తేల్చుకోండి. ఓడానని మాత్రం నా చేత అనిపించలేరు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. కర్నూలులో ఒక ట్రస్టు నడిపే ఆస్పత్రిలో బయోకెమిస్టుగా చేస్తున్నాను. పొద్దున లేచింది మొదలు రక్తంలో చక్కెర, మూత్రంలో ఉప్పు చూడటంతోనే సరిపోయేది. అలాంటప్పుడు మా సర్జన్ గారికి ఒక పరిశోధన ప్రాజెక్టు వచ్చింది. రొమ్ము క్యాన్సర్ గడ్డలో కొల్లాజెన్ ఎంత ఉంది, దాన్ని తెంపే ఎంజైములు ఎంత చురుగ్గా ఉన్నాయి, గడ్డకు దూరంగా ఉన్న చోట సంగతి ఏమిటి అన్నది చూడాలి. కోసేది ఆయన, కొలిచేది నేను.

కొల్లాజెన్ అంటే మన ఒళ్లంతా అల్లుకుని ఉండే నారలాంటి పదార్థం. ఎక్కడి కండను అక్కడ పట్టి ఉంచేది అదే. క్యాన్సర్ కణం పుట్టిన చోటే కూర్చుంటే దానివల్ల ఎవరికీ చావు రాదు. అది పక్కకు కదలాలి, నెత్తురులోకి దూరాలి, ఎముక దాకా పోవాలి. పోవాలంటే దారికి అడ్డం ఉన్న ఈ నార తెగాలి. తెంపే పనికి ఎంజైములు కావాలి. ఆ తెంపుడును కళ్లతో చూడగలగడం నాకు వింతగా ఉండేది. కొల్లాజెన్‌ను ఉడికిస్తే వచ్చే జెలటిన్ కలిపిన పలకలో, ముక్కను నూరి తీసిన రసాన్ని కరెంటుతో పరిగెత్తించి, ఒంటి వేడిలో ఉంచి, తర్వాత నీలం రంగు వేస్తాం. పలకంతా నీలంగా మారుతుంది. ఎంజైము జెలటిన్‌ను తినేసిన చోట మాత్రం తెల్లగీత మిగులుతుంది.

చెప్పడానికి తేలిగ్గానే ఉంది. చేయడానికి మాత్రం ఐసు కావాలి, కరెంటు కావాలి. కర్నూలులో రెండూ దేవుడి దయ. ఐసు కోసం బస్టాండు దగ్గర చెరకురసం బండాయనతో ఒప్పందం పెట్టుకున్నాను. ఎండలు ముదిరితే ఆయన ముందు తన గిరాకీ చూసుకుని, మిగిలింది నాకు పంపేవాడు.

సర్జన్ గారి చెయ్యి మంచిది. ఎవరి దగ్గరా పైసా ఆశించేవారు కాదు. కానీ ఆడ పేషెంటు మంచం మీద ఉంటే, ఆ మంచం అవతల నిలబడ్డ మగవాడితోనే మాట్లాడేవారు. "మీ ఆమెకు చిన్న గడ్డ. తీసేద్దాం. భయపడాల్సింది లేదు" అనేవారు. మంచం మీదున్న మనిషి ఆ మాటలు గోడకు చెబుతున్నట్టు వింటూ ఉండేది. క్యాన్సర్ అన్న మాట మాత్రం వరండాలో, మగవాళ్ల మధ్య, గుసగుసగా పుట్టి అక్కడే ఆగిపోయేది.

నాకు ఈ పద్ధతి మొదటినుంచీ గిట్టదు. దానికి కారణం ఉంది. మాది ఎర్రగుంట్ల. మా నాన్న సిమెంటు పనిలో ముప్పాతిక జీవితం గడిపాడు. ఆయన ఛాతీ ఎక్స్‌రేలో ఏముందో ఫ్యాక్టరీ డాక్టరుకు తెలుసు, మేనేజరుకు తెలుసు, మా బాబాయికీ తెలుసు. తెలియనిది మా నాన్నకు ఒక్కడికే. దగ్గు మందు తాగుతూ, తగ్గుతుందని నమ్ముతూ పోయాడు. అప్పటినుంచి మనిషి ఒంట్లో ఉన్నదాన్ని ఆ మనిషికి తెలియకుండా దాచిపెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ప్రాజెక్టుకు ముక్క తీసుకోవాలంటే ఒప్పుకోలు కావాలి. భర్తో, అన్నో, కొడుకో సంతకం పెడితే చాలని సర్జన్ గారు అనేవారు. థియేటర్ సిస్టర్ దగ్గర ఒకసారి ఈ మాట ఎత్తాను. డోన్ నుంచి రోజూ రైల్లో వచ్చిపోయే పెద్దావిడ. మాట కటువు, మనసు అంతకు రెండింతలు మెత్తన. ఆమె నన్ను డ్రెస్సింగు గదిలోకి తీసుకుపోయి ఒక పేషెంటును చూపించింది. ఆదోని వైపు నుంచి వచ్చిన మనిషి. ఏడాది కిందట మా దగ్గరే ఆపరేషన్ అయింది. కొవ్వు గడ్డ అని ఇంట్లోవాళ్లు చెప్పారు. కొవ్వు గడ్డ తీసేశాక ఇంక మందులెందుకని ఆమె మళ్లీ రాలేదు. ఇప్పుడు ఛాతీ అంతా పుండు.

"కొవ్వు గడ్డే అనిరి గదమ్మా. మల్ల ఎట్ల వచ్చె?" అని ఆమె నన్ను అడిగింది.

బయటికి వచ్చాక సిస్టర్ అంది: "సూసినావు గదా. ఇట్లాంటోళ్లను నేను శానామందిని సూసినా. ఆ సారు చెయ్యి బంగారం, నోరు మాత్రం మొగోళ్లకే తెరుచుకుంటాది."

ఇక మీదట ముక్క ఎవరిదో వాళ్లనే అడుగుతానని ఆ రోజే అనుకున్నాను. అనుకున్నంత సులువుగా అవకాశం రాలేదు. వచ్చినప్పుడు మాత్రం ఒక పట్టాన వదిలే మనిషి రూపంలో రాలేదు.

ఆమె బనగానపల్లె నుంచి వచ్చింది. యాభై దాటిన వయసు. ముస్లిం కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. భర్త పోయాక మామిడి వ్యాపారం తనే చూసుకునేది. చెట్లు పూత మీద ఉండగానే తోటను గుత్తకు మాట్లాడడం, కాపలా పెట్టించడం, కాయ కోయించి మండీలకు పంపడం, అంతా ఆమె నోటి మీదే. తోడుగా మరిది ఉండేవాడు. వదినంటే అతనికి భయం, ప్రేమ రెండూ. ఆ ప్రేమతోనే ఆమెకు ఎప్పటిదో పాత పాలగడ్డ గట్టిపడిందని, చీము పట్టకముందే రొమ్ము తీసేయాలని చెప్పాడు. మా సర్జన్ గారు అవునన్నారు.

ఆపరేషన్ ముందు రోజు మధ్యాహ్నం నేను వార్డులోకి వెళ్లాను. మరిది మందులు తేవడానికి బయటికి పోయాడు. ఆమె మంచం మీద మఠం వేసుకుని కూర్చుని ఉంది.

"నువ్వు డాక్టరమ్మవా?" అంది.

"కాదమ్మా. ల్యాబులో పనిచేస్తాను. రేపు మీకు ఆపరేషన్ చేసి తీసినదాంట్లోంచి ఒక చిన్న ముక్క మా పరీక్షలకు ఇస్తారేమో అడుగుదామని వచ్చాను."

"నన్ను అడగనీకి వచ్చినావా? నన్నే?"

"మీ ఒంట్లోది కదమ్మా."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఈడికొచ్చినప్పటి నుంచి నన్ను ఎవరూ ఏమీ అడగల్యా. మా మరిదిని అడుగుతారు. వాడు తలూపుతాడు. నేనేమో సంతలో గొర్రె మాదిరి చూస్తాండా." కొంగు సర్దుకుని అడిగింది. "ఇంతకీ ఆ ముక్కతో ఏం చేస్తారు?"

"గడ్డ పక్కకు ఎట్లా పాకుతుందో చూస్తాం."

"పాలగడ్డ పాకుతాదా?"

తప్పించుకోవడానికి ఆ క్షణంలో నాకు బోలెడు మాటలు దొరికేవి. పాలగడ్డ కూడా కొంచెం పాకుతుందమ్మా అంటే సరిపోయేది. ఆమె నా ముఖంలోంచి చూపు తిప్పలేదు.

"సూడు మేడమ్మా. పూత సూసి కాపు చెప్పేదాన్ని. నా ఎదురుగా నిలబడి అబద్దం చెప్పే బేరగాళ్లను ఎంతమందినో సూసినా. చెప్పు. ఏం గడ్డ?"

"క్యాన్సరమ్మా" అన్నాను.

ఆమె నీళ్లు అడిగింది. గ్లాసు ఇచ్చాను. తాగలేదు, రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చుంది. కాసేపటికి, "సస్తానా?" అంది.

"ఆపరేషన్ చేయించుకుని, మందులు ఎక్కించుకుని, రేడియేషన్ కరెంటు పెట్టించుకుని బతికినవాళ్లు చాలామంది ఉన్నారు. మీ సంగతి డాక్టరు గారు చెప్పాలి. నాకు తెలియనిది నేను చెప్పను."

"మందులు ఎన్ని దినాలు?"

"నెలలు పడుతుందమ్మా."

ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది. "మా మరిది నాకు ఏం చెప్పినాడో ఎరికేనా? పిందె పడేలోగా ఇంటికి పోవచ్చు, మల్లా ఈ గడప తొక్కే పనిలేదు అన్నాడు. నేను రాకనే పోతుంటి." గ్లాసును ఇంకా అవతలికి తోసింది. "నా ఒంట్లో ఉండేదాని గురించి ఊరందరికీ తెలిసి నాకు తెలియకూడదంటే ఎట్ల?"

తర్వాత ఆమె నన్ను వదిలిపెట్టలేదు. పాకడం అంటే ఏమిటని అడిగింది. కొల్లాజెన్ అన్న మాట ఆమెకు ఎలా చెప్పాలో ముందు తోచలేదు. తోచాక అడిగాను. "ఇంట్లో పాయా వండుతారు కదా? చల్లారితే ఏమవుతుంది?"

"గడ్డకడతాది."

"అట్లా గడ్డకట్టించేది మన ఒంట్లో కూడా ఉంటుంది. మేక కాళ్లలో ఉన్నట్టే. అది నారలాగా అల్లుకుని అన్నిటినీ పట్టుకుని ఉంటుంది. ఈ జబ్బు దాన్ని తెంపుకుంటూ దారి చేసుకుంటుంది."

"నా గడ్డ రాయి మాదిరి ఉండాది. తెంపేటట్టయితే మెత్తగా ఉండల్ల గదా?"

ఈ ప్రశ్న చదువుకున్నవాళ్లు కూడా అడుగుతారు, పెద్ద పుస్తకాల్లో దానికి పెద్ద జవాబులున్నాయి. "నడుమ అల్లుతుందమ్మా, అంచుల్లో తెంపుతుంది. రెండూ చేస్తుంది" అన్నాను.

"జిత్తులమారిది" అంది ఆమె. "తీసుకో ముక్క. కానీ దాంట్లో ఏం కనపడిందో నాకు చెప్పల్ల. ఒట్టి మాట గాదు, చూపియ్యల్ల."

చూపిస్తానని మాటిచ్చాను. అప్పుడే మరిది మందుల కవరుతో వచ్చాడు. వదిన ముఖం చూశాడు, నన్ను చూశాడు. అర్థమైపోయింది.

"ఏం చెప్పినావు ఆమెకు?" అని అరిచాడు. "నీకేమన్నా బుద్ధుండాదా? ఆమె గుండె ఆగిపోతే ఎవరు జవాబు?"

"ఆగల్యా. అరవాకు" అంది ఆమె. కానీ అతను అప్పటికే సర్జన్ గారి గది వైపు పోయాడు.

సర్జన్ గారు నన్ను పిలిపించారు. నిలబెట్టే మాట్లాడారు. నా పని ముక్కల వరకేనని, మనుషుల జోలికి రావద్దని అన్నారు. "ముక్క మనిషిదే కదా సార్" అన్నాను. ఆయన బల్ల మీద చేత్తో కొట్టారు. కాసేపటికి కోపం తగ్గించుకుని ఒక మాట చెప్పారు. చిన్న వయసులో తను ఒకామెకు సూటిగా క్యాన్సర్ అని చెప్పారట. ఆమె ఆ సాయంత్రమే వార్డులోంచి వెళ్లిపోయిందట, మళ్లీ ఎక్కడా కనిపించలేదట. వెతికించినా దొరకలేదట. "ఆ మొహం నాకిప్పటికీ కళ్లముందే ఉంటుంది. నీకు తెలియదు" అన్నారు.

ఆయన బాధ అబద్ధం కాదు. కానీ డ్రెస్సింగు గదిలో చూసిన ముఖం నాకూ కళ్లముందే ఉంది. ఆ మాటే అన్నాను. రేపటి నుంచి వార్డులో అడుగుపెట్టవద్దని, థియేటర్ దగ్గరకు కూడా రావద్దని ఆయన అన్నారు. అలాగేనన్నాను. క్షమించమని మాత్రం అడగలేదు. ఇప్పటికీ అడగను.

మర్నాడు పొద్దున ల్యాబులో చక్కెరలు చూసుకుంటూ ఉంటే సిస్టర్ చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చింది. "లెయ్యి. ఆ బనగానపల్లె ఆమె థియేటర్ గుడ్డలు కట్టుకోనంటాంది. బయట బల్ల మీద కూర్చుని పంచాయితీ పెట్టింది. నిన్ను పిలవమంటాంది."

వెళ్లేసరికి వరండాలో జనం. ఆమె బల్ల మీద కూర్చుని ఉంది. మరిది గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అప్పటికే కళ్లు వాచిపోయి ఉన్నాయి. సర్జన్ గారు థియేటర్ టోపీతో ఎదురుగా ఉన్నారు. ఆయన మామూలుగానే మరిది వైపు తిరిగి ఏదో చెప్పబోయారు.

"సారూ" అంది ఆమె. "రొమ్ము నాది. వాడిది గాదు. నా దిక్కు సూసి మాట్లాడు."

ఆయన సర్వీసులో ఆ మాట అన్నవాళ్లు లేరు.

"నాకు క్యాన్సర్ ఉండాదని తెలిసింది. నేను పారిపోల్యా. ఈడనే కూర్చున్నా. ఏం కోస్తావో, ఎంత కోస్తావో, ఆ తర్వాత ఏమేం చేస్తావో నా ముందర చెప్పు. అన్నీ విని అప్పుడు లోపలికొస్తా."

సర్జన్ గారు టోపీ తీసి చేతిలో పట్టుకుని, అదే బల్ల మీద ఆమె పక్కన కూర్చున్నారు. మొదట్లో మాటలు తడబడ్డాయి. ఆడ మనిషికి జబ్బు గురించి చెప్పడం ఆయనకు అలవాటు లేని పని. ఏది తీసేస్తారో, చంకలో గడ్డలు ఎందుకు తీయాలో, మందు ఎక్కిస్తే జుట్టు ఊడుతుందని, వాంతులవుతాయని, తర్వాత కరెంటు పెట్టించుకోవడానికి హైదరాబాదు పోవాలని చెప్పారు. ఇంత చేసినా తిరిగి రావచ్చని కూడా చెప్పారు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన ఆమె ముఖంలోకి చూశారు. నేను చూస్తుండగా అది మొదటిసారి.

ఆమె అంతా విని, "మందులు మానను. కాయ కోతలు గూడా మానను" అంది.

"రెండూ అంటే ఎట్లమ్మా? నీరసం వస్తుంది."

"ఎట్లనో నువ్వు సూడు. ఒళ్లు సంగతి నువ్వు సూస్తే, తోట సంగతి నేను సూసుకుంటా." మరిది వైపు తిరిగింది. "ఏడ్చింది సాలుగాని, తోటకాడికి ఫోన్ చేసి కాపలా వానికి చెప్పు, నేను రానీకి ఇంకా దినాలు పడతాదని. ఇంకోసారి నా దగ్గర ఏమన్నా దాస్తే, గుత్త సంగతి గూడా నీకు చెప్పను."

అతను ఏడుస్తూనే తలూపాడు. ఆమె లేచి, "ముక్క ఈ చెల్లె చేతికే ఇయ్యల్ల" అని నన్ను చూపించి లోపలికి నడిచింది. సర్జన్ గారు నా వైపు చూడకుండా, "ఐసు తెచ్చుకున్నావా?" అని అడిగారు. లేదన్నాను. "మరి నిలబడ్డావేం? పో" అన్నారు. చెరకురసం బండి దాకా నేను పరిగెత్తిన పరుగు ఆ వయసులో ఎవరూ పరిగెత్తకూడదు.

ముక్కలు వచ్చాయి. గడ్డ ముక్క కత్తి కింద కరకరమంది. దూరపు ముక్క చూడటానికి మామూలుగానే ఉంది. ల్యాబులో చేయాల్సినదంతా చేశాను. పలకను ఒంటి వేడి పెట్టెలో ఉంచి ఇంటికి వెళ్లాను. పొద్దున వచ్చి రంగు వేసి కడిగితే పలకంతా ఒకటే నీలం. ఒక్క గీత లేదు. కరెంటు పోయి పెట్టె చల్లబడిపోయిందని కాపలా మనిషి చెప్పాడు. వేడి లేకపోతే ఎంజైము పనిచేయదు. ముక్కలో ఏమీ లేదని దాని అర్థం కాదు, మా పరీక్ష పాడైందని అర్థం.

సర్జన్ గారికి మాత్రం అలా తోచలేదు. "ఇంత రభస చేసిన కేసులో చివరికి ఏమీ లేదు. దీన్ని పక్కన పెట్టేయ్. మిగిలినవి చాలు" అన్నారు. ఆయనకు ఆ కేసు ఎప్పుడు అయిపోతుందా అని ఉంది. నేను ఒప్పుకోలేదు. చూపిస్తానని మాటిచ్చినదాన్ని, కరెంటు పోయిందన్న సాకుతో ఆమె ముందు నిలబడలేను. ఫ్రీజర్లో కొంచెం ముక్క మిగిలి ఉంది. ఇంకొక్కసారికి మాత్రమే సరిపోతుంది.

ఈసారి కరెంటును నమ్మలేదు. ఒక ఆదివారం తెల్లవారుతూనే ల్యాబుకు వెళ్లాను. ఇంట్లో చెబితే, ఆదివారం కూడానా అన్నారు. సిస్టర్ సెలవు మానుకుని డోన్ నుంచి వచ్చింది. పెద్ద స్టీలు డబరాలో గోరువెచ్చని నీళ్లు పోసి, పలక ఉన్న డబ్బాను అందులో దించాం. థర్మామీటర్ పట్టుకుని, చల్లబడితే వేడినీళ్లు కలుపుతూ, వేడెక్కితే చన్నీళ్లు పోస్తూ దీపాలు పెట్టే వేళ దాకా కూర్చున్నాం. "పసిబిడ్డకు నీళ్లు పోసేటప్పుడు గూడా నేనింత సూడల్యా" అంది సిస్టర్. రెండుసార్లు కరెంటు పోయింది. ఇద్దరం నవ్వుకున్నాం.

రంగు వేసి కడుగుతుంటే నీలంలోంచి గీతలు తేలాయి. గడ్డ ముక్క దగ్గర వెడల్పాటి తెల్ల చార. దూరపు ముక్క దగ్గర సన్నగా, దారప్పోగంత గీత.

ఆమె మందు ఎక్కించుకోవడానికి వచ్చిన రోజున నేరుగా ల్యాబుకే వచ్చింది. జుట్టు ఊడిపోయింది, తలకు గుడ్డ కట్టుకుంది. ముఖం నల్లబడింది. గుమ్మంలోంచే అడిగింది.

"నా ముక్కలో ఏం కనపడింది?"

పలకను తెల్లటి దీపం మీద పెట్టి చూపించాను. పక్కన మరిది కూడా ఉన్నాడు. ఆమె వంగి చూసింది.

"ఈ తెల్లదేమి?"

"పాయా గడ్డలాంటిది ఈ పలకంతా ఉందనుకోండి. ఈ తెల్ల చోటంతా మీ గడ్డలోది తినేసింది."

"ఇది?" సన్నగీత మీద వేలు పెట్టింది.

"గడ్డకు దూరంగా ఉన్న ముక్కలోది. అక్కడ కూడా కొంచెం తింటోంది."

"అంటే ఆడికి గూడా పోయిందా?"

"పోయిందని దీన్నిబట్టి చెప్పలేమమ్మా. దారి మెత్తబడుతోందని మాత్రం చెప్పగలం. ఒక్క మాట. ఈ పరీక్షవల్ల మీ మందు మారదు. ఇది మీకు ఇప్పుడు పనికొచ్చేది కాదు. ముందు ముందు వచ్చేవాళ్లకు పనికి రావచ్చు, రాకపోవచ్చు."

ఆమెకు నిరాశ కలుగుతుందని నా భయం. ఆమె మాత్రం ఆ వెడల్పాటి గీత వైపు ఇంకా వంగి, పిల్లను తిట్టినట్టు తిట్టింది. "తిన్నావంటే దొంగముండా! నా ఒంట్లో ఉండి, నా కూడు తిని, నన్నే తింటావా? సూద్దాం, ఎవరు ఎవర్ని తింటారో!"

ల్యాబులో ఉన్నవాళ్లందరం నవ్వాం. మరిది నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత వార్డులో జరిగినదానికి నా బాధ్యత ఏమీ లేదు. అంతా ఆమె చేసిందే. మందు ఎక్కించుకునే రోజుల్లో పక్క మంచాలవాళ్లను ఒక్కొక్కరినే పలకరించేది. "నీకేం చెప్పినారు? గడ్డనా? ఏం గడ్డో అడిగినావా? అడుగు. నీ నోరేమన్నా కుట్టేసినారా?" అనేది. సర్జన్ గారు రౌండ్లకు వస్తే ఆడవాళ్లు లేచి కూర్చుని అడగడం మొదలుపెట్టారు. "ఇది వార్డు కాదు, రచ్చబండ" అని ఆయన విసుక్కునేవారు. విసుక్కుంటూనే మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చునేవారు. వార్డు నుంచి ఎవరూ పారిపోలేదని చెప్పలేను. ఒకరిద్దరు భయపడి వెళ్లిపోయారు కూడా. ఆ మాట దాచను. కానీ మందులకు తిరిగి వచ్చినవాళ్లు మునుపటికంటే ఎక్కువమంది. అది సిస్టరూ చెప్పింది, నేనూ చూశాను.

నాకు దక్కింది మాత్రం వేరు. ప్రాజెక్టు ముగిశాక వ్యాసం అచ్చయింది. పైన పేర్లలో నాది లేదు. చివర, కృతజ్ఞతల్లో, ఐసుపెట్టె ఇచ్చిన కంపెనీ తర్వాత ఉంది. యాజమాన్యం నన్ను ల్యాబులోంచి రక్తాలు తీసే కిటికీ దగ్గరకు మార్చింది. క్రమశిక్షణ లేదన్నారు. రాజీనామా ఇస్తానని వాళ్లు ఎదురుచూశారు. నేనెందుకిస్తాను? ఆ కిటికీలోనే పదవీ విరమణ దాకా కూర్చున్నాను. ఆడ మనిషి రిపోర్టు కోసం వెంట వచ్చిన మగవాడు చెయ్యి చాస్తే, "ఆమెను పంపండి" అనేదాన్ని. నన్ను ఇంకెక్కడికి మారుస్తారు? ఆ కిటికీ తర్వాత ఉన్నది రోడ్డే.

ఆమె ఆ ఏడాది మామిడి కోతలకు తలగుడ్డతోనే తోటలో కూర్చుందని మరిది చెప్పాడు. ఆ తర్వాత కూడా చాలా ఎండాకాలాలు చూసింది. పరీక్షలకు వచ్చినప్పుడల్లా నాకు కాయలు తెచ్చేది, మండీ ధర తీసుకునే ఇచ్చేది. "ఊరికే ఇస్తే మీవాళ్లు నిన్ను ఇంకో కిటికీకి మారుస్తారు" అనేది.

చివరికి నడుము నొప్పితో వచ్చింది. ఎముకల్లోకి పోయింది. ఈసారి ఆ మాట వరండాలో పుట్టలేదు. సర్జన్ గారు తన గదిలో, ఆమెకు ఎదురుగా కూర్చుని తనే చెప్పారు. నన్ను కూడా ఉండమన్నారు.

"ఈ కాపు సూస్తానా?" అంది ఆమె.

"తెలియదమ్మా."

"అట్ల చెప్పు సారూ. తెల్దంటే తెల్దని చెప్పు. దానికేమి!" అంది. లేచేటప్పుడు బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. ఆయన చెయ్యి అందించారు, పట్టుకుంది. బయటికి వచ్చాక నాతో, వచ్చే ఏడాదికి కూడా తోట మాట్లాడేశానని చెప్పింది. "ఎందుకమ్మా ఇప్పుడు?" అని నోరు జారాను. "తోటకు క్యాన్సర్ ల్యా గదా" అంది.

పూత వచ్చే రోజుల్లోనే పోయింది. కబురు తెలిసి బనగానపల్లె వెళ్లాను. సిస్టర్ కూడా వచ్చింది. అప్పటికి ఖననం అయిపోయింది. ఇంట్లో ఆడవాళ్ల దగ్గర కాసేపు కూర్చున్నాం. తర్వాత మరిది మమ్మల్ని తోట చూపించడానికి తీసుకెళ్లాడు. చెట్లన్నీ పూత మీద ఉన్నాయి. అతను ముసలివాడైపోయాడు. నడుస్తూ చెప్పాడు: "పొయ్యే ముందు దినం గూడా నన్ను తిట్టింది మేడం. పూతకు తేనెమంచు పురుగు పడతాంటే మందు కొట్టకుండా నా మంచం కాడ ఏం చేస్తాండావు, నేనేమన్నా పారిపోతానా అని."

ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను. "మరి, మందు కొట్టించారా?"

అతను ఆగి, పూతకొమ్మ ఒకటి వంచి ఆకుల కింద చూశాడు.

"కొట్టకుంటే మా వదిన ఊరుకుంటాదా?" అన్నాడు.